జపానామె రాసిన చిట్టీ

మా దిక్కు పిల్లనిచ్చే ముందు పిలగాని ఆరా తీస్తరు. ఇంట్ల కాదు, ఇంట్ల అందరు మంచోళ్లే ఉంటరు. వాడు రోజూ చాయ్ తాగే కాడ తీస్తరు. మా మేనమామ మహిపాల్ గట్ల మా చుట్టాల ఆడపిల్లల కోసం పదకొండు మందిని చూసొచ్చి తొమ్మిది మందిని వద్దన్నడు. పన్నెండో పిలగాడు నా కోసం. పేరు ఉపేందర్. నాచారంల స్టీలు టిఫిన్ డబ్బాల మూతలు కొట్టే షెడ్డుల, ప్రెస్సు మిషన్ మీద పని.

ఈ సంబంధం ఎవరో తెచ్చింది కాదు. నేనే మామ చెవిల వేసిన. నేను గూడ నాచారంలనే పనిచేస్త, ఆ షెడ్డు వెనక సందుల ఉన్న చిన్న రికార్డింగ్ స్టూడియోల. ఫోన్లెత్తుడు, పాడేటోళ్లకు వేణ్నీళ్లిచ్చుడు, ఎర్ర లైటు వెలిగితే తలుపులు దగ్గరికేసుడు. "గా పిలగాడే ఎందుకే?" అని మామ మస్తుసార్లు అడిగిండు. నేను చెప్పలే. "అయితే నువ్వు గూడ రా దీపా, నీ చెవులతోని నువ్వే విను. కని ఒక్క మాట. నేను వద్దంటే మల్ల ఆ పేరెత్తొద్దు" అన్నడు. సరే అన్న. నారపల్లిల బస్సెక్కినప్పటి నుండి ఉప్పల్ దాక కిటికీల నా మొఖమే నాకు కొత్తగ కనబడ్డది. మామ నా ఫొటో ఇంకా పంపలే, పిలగానికి నేనెవరో తెల్వదు. అయినా మొఖానికి స్కార్ఫు గట్టిగ కట్టుకున్న.

సాయంత్రం ఐదున్నరకు నాచారంల ఆయన రోజూ చాయ్ తాగే రాజ్యమక్క హోటల్ కాడ దిగినం. షెడ్లు విడిచే టైము. ఉపేందర్ స్టూలు మీద కూసున్నడు, చొక్కా మీద నూనె మరకలు, నవ్వితే కండ్లు చిన్నగైతయ్. ఆయనకు కుడి పక్కన ఇద్దరు. లేతు మిషన్ మీద పనిచేసే సాంబయ్య అనే పెద్దాయన ఒకరు, ఇంటింటికి పార్సిళ్లు వేసే పవన్‌కుమార్ ఒకడు. ఎడమ పక్క బెంచి మొత్తం ఖాళీ ఉండె. మేము పోయి అక్కడ కూసున్నం. అది ఎందుకు ఖాళీ పెట్టిన్రో అప్పుడు మాకు తెల్వదు.

"అన్నా, నారపల్లోళ్లు నీ ఆరాకు వస్తరంట గద. మమ్మల్ని అడిగితే ఏం చెప్పాలె?" అంటున్నడు పవన్‌కుమార్.

"ఉన్నదున్నట్టు చెప్పురా. జపాన్ ముచ్చట చెప్పు."

"అది నాకు మొత్తం యాదికి లేదన్నా. ఇంకోపారి చెప్పు."

మామ నా దిక్కు చూసిండు. జపాన్ అనే మాట వినంగనే నా చేతుల చాయ్ గ్లాసు ఆగింది. ఆయన మొదలుపెట్టిండు.

"చూడు తమ్మీ, నేనేదో పెద్ద పని చేసిన అంటలేను. మనది జరంత సాయం. ప్రెస్సు నడిపిన, అంతే. మొన్న చలికాలం పోయేటప్పుడు మా షెడ్డు వెనక స్టూడియోకు జపాన్ నుండి ఒకామె వచ్చింది. పేరు చిహారు. మన కాడ సినిమా హీరోకు ఎంత పేరో ఆమెకు జపాన్ల అంత పేరు, ఆమె బయటికొస్తే బజార్లు బందు. అయితే జపాన్ బాషల పాడి పాడి ఆమెకు యాష్టకొచ్చింది. ఇంగ్లీషుల ఒక ఆల్బమ్ చేస్త, దునియా మొత్తం వినాలె అన్నది. లండన్ పోయింది, పాట రాలె. అమెరికా పోయింది, రాలె. ఎందుకు రాలేదో ఎర్కేనా? అక్కడ అంత సైలెంటు. పాటకు తాళం కావాలె గద. గప్పుడు ఎవరో పెద్దమనిషి చెప్పిండు, అమ్మా నువ్వు నాచారం పో, అక్కడ చప్పుడుకు కొదువ లేదు అని."

"గది మాత్రం నిజమే," అన్నది రాజ్యమక్క, చాయ్ వడబోసుకుంట.

"వచ్చింది. మైకు ముందల నిలబడ్డది. నోరు తెరిచింది. రాలె. మ్యూజిక్ చేసేటాయన కంప్యూటర్ల నుండి ఏదో తాళం వేసిండు, నచ్చలె. ఇంకొకటి వేసిండు, తల అడ్డంగ ఊపింది. గప్పుడు గోడవతల నుండి నా ప్రెస్సు. ధన్... ధన్... ధన్... నిమిషానికి నలభై దెబ్బలు, ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. ఆమె కండ్లు మూసుకుంది. పాట నీళ్లోలె వచ్చింది. అయినంక కండ్లు తెరిచి, ఎవరీ మనిషి, అన్నది."

"ప్రెస్సుకు మోటరుంటదిరా," అన్నడు సాంబయ్య. "దెబ్బ మోటరుది. అందుల నీదేముంది?"

"పెడలు తొక్కే కాలు ఎవరిది కాక? మోటరు తిరుగుతది, నేను తొక్కితేనే దెబ్బ పడతది. జపాన్ నుండొచ్చినామెకు అర్థమైంది, గోడ పక్కనున్న నీకు అర్థం కాలె. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? వాళ్లు మైకులు పట్టుకొని మా షెడ్డుకే వచ్చిన్రు. ప్రెస్సు ముందల పెట్టిన్రు. నేను అన్న, అమ్మా, ఉత్త తాళమే ఎందుకు, రాగం గూడ తీసుకో అని. ఏడు రేకులు తీసుకున్న. పాలడబ్బ మూత సా అన్నది. పప్పుడబ్బ మూత రీ అన్నది. పచ్చడి గిన్నె మూత సన్నగ నీ అన్నది. ఏడు మూతలు కొట్టి ఆమె ముందల వరుసగ పెట్టిన."

"అయితే పెద్ద అన్నం డబ్బ మూత ఏమన్నదన్నా?" అన్నడు పవన్‌కుమార్.

"అది ఏమనలె. అది ఎక్కువ మాట్లాడదు."

రాజ్యమక్క పక్కకు తిరిగి నవ్వుకుంది. నాకు గూడ స్కార్ఫు లోపల నవ్వొచ్చింది. మామ మాత్రం ఒక వేలు ముడిచిండు. అబద్ధానికొక వేలు, తప్పుకొక వేలు, అది ఆయన లెక్క.

"మస్తు గొప్పోడివిరా," అన్నడు సాంబయ్య. "ఆ నెలనే గద మూత అచ్చు కొట్టే డై చెడగొట్టినవని సూపర్‌వైజరు నిన్ను ప్రెస్సు మీదికెళ్లి తీసేసి నెలరోజులు రేకులు మోపిచ్చిండు?"

ఉపేందర్ గ్లాసుల అడుగున ఉన్న చాయ్ దిక్కు చూసిండు. "అది వేరే ముచ్చట కాక," అన్నడు, గొంతు జర తగ్గించి. మామ ఇంకో వేలు ముడిచిండు. పనిల జాగ్రత్త లేనోడు అని దానర్థం. అసలు సంగతి చెప్పాలని ఉంది, కని నీ చెవులతోని విను అన్న మామ మాట యాదికొచ్చింది. వినాలె. మామ చెప్పేదాక వినాలె.

మాట అటు మళ్లియ్యాలని నేనే మెల్లగ అడిగిన. "ఆ పాట మీరు విన్నరా?"

ఆయన పలకలె. మెడ గూడ తిప్పలె. పవన్‌కుమార్ నన్నొకసారి చూసి చప్పున నేల చూపులు చూసిండు. ఇంకోసారి, జర గట్టిగ అడిగిన. "పాట బయటికొచ్చినంక విన్నరా మీరు?"

ఆయన సాంబయ్య దిక్కే తిరిగి, "ఇంక ఇంగ్లీషు సంగతి విను కాక," అన్నడు.

"పొగరు గూడ ఉన్నది," అన్నడు మామ నాకొక్కదానికి వినబడేటట్టు. మూడో వేలు.

"ఇంగ్లీషు ఆల్బమ్ అన్న గద. ఆమెకు ఇంగ్లీషు వచ్చు, కని పుస్తకాల ఇంగ్లీషు. పాటల మనసుండాలె గద. ఒక లైను పాడి నా దిక్కు చూస్తది, నేను తల ఊపుత. ఇంకో లైను పాడుతది, నేను ఇట్ల చెయ్యి అడ్డం పెడ్త, మల్ల పాడుతది. గట్ల పదకొండు పాటలు దిద్దిన."

"నువ్వా?" అన్నడు సాంబయ్య. "టెన్త్ ఇంగ్లీషుల ఎన్నిసార్లు తప్పినవురా?"

"మూడుసార్లు. అంటే నాలుగుసార్లు చదివిన. మీరందరు ఒక్కసారి చదివి విడిచిపెట్టిన్రు. ఎవరికెక్కువొస్తది?"

ఈసారి మామ మూతి మీద గూడ ఏదో కదిలింది. కని వేలు ముడుచుడు ఆపలె.

"ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? ఆఖరి పాట. మంచిగ నడుస్తుంది. కరెంటు పోయింది. నాచారం మొత్తం చీకటి."

"పగటీలి చీకటేందిరా?" అన్నడు సాంబయ్య.

"లోపట చీకటి కాక, లోపట. జనరేటరు వేసిన్రు, డీజిలు లేదు. ఆమె కండ్లల్ల నీళ్లు. సాయంత్రం విమానం. నేను చూసిన, చూసిన, ఇంక ఆగలె. ప్రెస్సు పక్కన పెద్ద చక్రం ఉంటది గద, దానికి వైరు కట్టి స్టూడియోల పడేసి, చక్రం రెండు చేతులతోని పట్టి తిప్పుడు మొదలుపెట్టిన. బల్బులొచ్చినయ్. తిప్పిన. ఏసీలొచ్చినయ్. నాకు ఉషారొచ్చింది, ఇంకింత తిప్పిన. కరెంటు ఎక్కువై మెట్రోకు పోయింది. ఉప్పల్ల ఉన్న రైలుకు దెబ్బకు ఊపొచ్చి ఆఖరి స్టేషన్ నాగోల్ల గూడ ఆగకుంట సీదా నారపల్లి దాక పోయింది."

మామ లేచినంత పనిచేసిండు. "నారపల్లికి పట్టాలే లేవు గద!" మామ గొంతు పెద్దది, ఆ అరుపు ఉపేందర్ చెవిన పడ్డది. ఈ దిక్కు తిరిగిండు.

"అందుకే గద పెద్దమనిషీ, అంత కష్టమైంది," అన్నడు.

పవన్‌కుమార్ కిందపడి నవ్వుతున్నడు. మామకు ఆ చేతి వేళ్లు అయిపోయినయ్. గ్లాసు బెంచి మీద పెట్టి రెండో చెయ్యి తీసిండు.

"గప్పుడు ఉప్పల్ స్టేడియంల మ్యాచు. బౌలరు బాలు వేసిండు. అదే టైముకు ఆమె పై సా ఎత్తుకుంది. బాలు గాలిలనే ఆగింది! బ్యాటు పట్టుకున్నోడు ఆగిండు. నలభై వేల మంది, ఒక్కడు ఊపిరి తీస్తలేడు. నాలుగు నిమిషాల పాట, నాలుగు నిమిషాలు బాలు అట్లనే ఉన్నది. పాట అయిపోయినంక గూడ దిగకపోతే నేనే పోయి నిచ్చెన వేసి దించిన."

"చక్రం తిప్పేది ఎవరు మల్ల?" అన్నది రాజ్యమక్క.

"అది ఊపు మీదున్నదక్కా, దానంతటదే తిరుగుతుంది. ఇంకొకటి చెప్పనా, నువ్వు నమ్మవు. ఆమె గొంతు గాలికి అట్లట్ల జవహర్‌నగర్ దాక పోయింది. అంత పెద్ద చెత్త గుట్ట. నాలుగు రోజులు మల్లెపూల వాసన! నాగారంల కిటికీలు తెరిచి పండుకున్నరు జనం. చెత్త బండోళ్లు తొవ్వ తప్పిపోయిన్రు, వాసన మీదనే గద వాళ్లు పోయేది."

"ఊకో రా నాయినా," అన్నడు సాంబయ్య. కని ఆయన గూడ స్టూలు దగ్గరికి జరుపుకున్నడు. అదే చిత్రం. ఆయన మాటలు ఎవరూ నమ్ముతలేరు, ఎవరూ లేచి పోతలేరు. షెడ్డుల దినమంతా అలిసినోళ్ల మొఖాల మీద ఆ పూట వెలుగున్నది. నేను నమ్ముతలేనని చెప్పలేను. గాలిలున్న బాలు నాకు కనబడ్డది. ఎర్రగ, మెల్లగ తిరుగుకుంట.

"ఆఖరుకు ఆమె పోయేటప్పుడు నా ముందల మోకాళ్ల మీద కూసున్నది. ఉపేందర్ గారు, నన్ను పెండ్లి చేసుకోర్రి అన్నది. జపాన్ల మా నాయినకు పెద్ద ఫ్యాక్టరీ ఉంది, వంద ప్రెస్సులున్నయ్, అన్నీ మీరే తొక్కుర్రి అన్నది."

"మరి?"

ఆయన గొంతు మారింది. "నేను అన్న, అమ్మా, తప్పుగ అనుకోకు. నారపల్లిల ఒక పిల్ల ఉన్నదంట. నేనింకా చూడలె. ఫొటో గూడ రాలె. కని వాళ్లు మా మేనత్తకు కబురు పెట్టిన్రు. ఒకరు మనల్ని అడిగిన్రంటే అది చిన్న మాట కాదు. వాళ్లు వద్దనేదాక నేను ఇంకో దిక్కు చూడను అన్న."

చలికాలంల వచ్చిన ఆమెకు, మొన్న పెట్టిన కబురు ఎట్ల చెప్పిండో నేను లెక్కపెట్టలె. నా చెంపలు స్కార్ఫు లోపల కాలిపోతున్నయ్. మామ ఎత్తిన వేలు ఎటు పోవాల్నో తెల్వక గాలిల ఆగింది, స్టేడియంల బాలోలె.

సాంబయ్య ఊకోలె. "ఇయ్యాల విడిచిపెట్టరా నిన్ను. ఒక్క నిషాని చూపెట్టు. ఆమె ఇక్కడికొచ్చినట్టు, నువ్వు సాయం చేసినట్టు, ఒక్కటి."

"ఉన్నది. ఆమె చేతితోని రాసిచ్చిన చిట్టీ ఉన్నది." ఆయన జేబుల నుండి ఫోను తీసి వెనక పక్క చూపెట్టిండు. పారదర్శకంగ ఉన్న కవరు కింద, నాలుగు మడతలు పెట్టిన కాయితం ముక్క. గీతల కాయితం, ఒక కొసకు నూనె మరక. ఐదు నెలల నుండి అట్లనే ఉన్నట్టు కవరు ముద్ర దాని మీద పడ్డది.

నేను చూసిన. ఆ గీతల కాయితం నాకెర్కే.

"లోపల ఏముందో ఎప్పుడు చూపెట్టలేవు గదన్నా," అనుకుంట పవన్‌కుమార్ ఫోను గుంజుకున్నడు. "ఏయ్, వద్దురా, చినుగుతది!" అని ఉపేందర్ లేచేలోపల వాడు కవరు ఊడదీసి కాయితం విప్పిండు. పెద్దగ చదివిండు.

"అన్నా, జర ఒక్క గంట మిషన్ ఆపుర్రి. లోపల పాట రికార్డు అయితుంది. ఇయ్యాల కాకపోతే నా పని పోతది. దండం పెడ్త."

ఆ తర్వాత హోటలంతా నవ్వు.

"జపానామె తెలుగుల రాసిందారా!"

"నేనే నేర్పిన," అన్నడు ఉపేందర్. చెవులు ఎర్రగైనయ్.

"అన్నా అని రాసి పెండ్లి చేసుకోమన్నదా?"

"అది... గౌరవానికి కాక. హైదరాబాదుల ఎవరినైన అంటరు గద."

"అంత పెద్ద పాటగత్తె, ఆమె పని పోవుడేందిరా? ఎవరు తీస్తరు ఆమెను పనిల నుండి?"

ఉపేందర్ చెయ్యి చాపిండు. కాయితం తీసుకున్నడు, మడతల మీదనే మల్ల మడత పెట్టిండు. బాలు దించినోడు, రైలు తోలినోడు, చేతులు రెండు ఆ చిన్న కాయితం మీద పెట్టుకొని కూసున్నడు.

"అది నేను రాసిన," అన్న నేను.

సాంబయ్య తిరిగిండు. రాజ్యమక్క తిరిగింది. మామ తిరిగిండు. తిరగనిది ఉపేందర్ ఒక్కడే. వాళ్ల మొఖాలు చూసి, "ఏందట్ల చూస్తున్నరు? ఏమైంది?" అన్నడు.

గప్పుడు నాకు సమజైంది. ఎడమ బెంచి ఎందుకు ఖాళీ పెట్టిన్రో, నేను రెండుసార్లు అడిగినా ఎందుకు పలకలేదో, చిట్టీ రాసిన రోజు షెడ్డుల నేను వెనక నిలబడి "అన్నా, అన్నా" అని పిలిచినా ఎందుకు చూడలేదో. లేచిన. ఆయన చుట్టు తిరిగి కుడి పక్కకొచ్చిన. స్కార్ఫు విప్పిన.

"అది నేను రాసిన," అని మల్ల చెప్పిన. "నేను నారపల్లి దీపను."

ఆయన నా దిక్కు చూసిండు, మా మామ దిక్కు చూసిండు, మెట్రో రైలు నారపల్లి దాక పోయిన సంగతి యాదికొచ్చిందేమో, మొఖం రెండు చేతులల్ల దాచుకున్నడు.

నేను మామకు చెప్పిన. అందరు వింటున్నరు, విననీ.

"మామా, చిహారు నిజంగనే వచ్చింది. రెండు దినాలు. ఆమె ఇంగ్లీషు ఆల్బముల ఒక పాటకు మ్యూజిక్ చేసింది మా స్టూడియో సారే, అందుకని. ఆఖరి దినం దాక ఆ పాట మిగిలింది, చిన్నగ, ఊపిరి తీసినట్టు పాడే పాట. మైకు పెడితే గోడవతల ప్రెస్సు దెబ్బ వినబడుతుంది. రికార్డింగ్ ఉన్నప్పుడు చుట్టుపక్కల షెడ్లకు పోయి జర ఆపుర్రి అని అడుగుడు మా కాడ నా పని. ఆ దినం ఎవరూ వినలె. పాట ఆగితే ఇంటికే పో అన్నరు నన్ను. ఈయన వెనక నిలబడి పిలిచిన, తిరగలె. పొగరు అనుకున్న. ఏడ్చుకుంట చిట్టీ రాసి మూతల కుప్ప మీద పెట్టి ఉరికిన. మా మెట్ల కాడ జాలీ కిటికీ ఉంటది, అక్కడి నుండి ఆ షెడ్డు కనబడుతది. చూసిన. ఈయన చిట్టీ చదివిండు. ఇటు చూసిండు, అటు చూసిండు. ప్రెస్సు ఆపిండు."

"ఆపిండా?" అన్నడు సాంబయ్య. "డై ఇరుక్కుందని గద..."

"ఇరుక్కోలె కాక. సూపర్‌వైజరు వచ్చి అరిచిండు. ఈయన డై దిక్కు చెయ్యి చూపెట్టిండు. ఆ తర్వాత పానా పట్టుకొని ప్రెస్సు కింద దూరి, ఒక్కటే బోల్టు విప్పుకుంట, బిగించుకుంట గంటసేపు కూసున్నడు. తిట్లు పడుకుంట. లోపల పాట అయిపోయింది. మరునాడు చూస్తే ఈయన రేకులు మోస్తున్నడు. నా పని నాకున్నది, ఈయన ప్రెస్సు పోయింది. దండం పెడ్త అని రాసిన గద. పెట్టే మొఖం లేక ఐదు నెలలు తప్పించుకొని తిరిగిన."

రాజ్యమక్క స్టవ్ మంట తగ్గించింది. "ఈ ముచ్చట ఇక్కడ్నే ఉండాలె. సూపర్‌వైజరుకు తెలిస్తే ఉన్న పని గూడ పోతది."

"తెలిసినా ఫికర్ లేదక్కా," అన్నడు పవన్‌కుమార్. "మా అన్న చేసిండంటే ఎవరు నమ్ముతరు?"

మామ ముడిచిన వేళ్లల్ల రెండు విప్పిండు. డైది ఒకటి, పొగరుది ఒకటి. మెట్రోది మాత్రం విప్పలె. మామ లేచి ఉపేందర్ కుడి పక్కకు పోయి నిలబడ్డడు. "చెవి ఎప్పటి నుండి?"

"మూడేండ్లు. ప్రెస్సు ఎడమ దిక్కుంటది," అన్నడు ఉపేందర్, తల ఎత్తకుంట. "ఎడమది ఏం వినబడదు. కుడిది మంచిగనే ఉంది."

"చెప్పొచ్చు గద. పిల్లనిచ్చేటోళ్లకు చెప్పొద్దా?"

"చెప్తే ఇయ్యరని." తల ఎత్తి మామను చూసిండు. "నేను మాట్లాడుతున్నంతసేపు నన్నెవరూ ఏం అడగరు పెద్దనాయినా. అడిగితే గద, వినబడలేదని తెలిసేది."

సాంబయ్య ఆయన భుజం మీద చెయ్యి వేసిండు.

"ఇది నిజం," అన్నడు మామ మెల్లగ. "గంట నుండి ఇదొక్కటి కోసమే కూసున్న నేను." నా దిక్కు తిరిగిండు. "రేపు సెలవు పెట్టమను. దవాఖానకు పోదాం, నేను తీస్కపోత. చెవి చూపిచ్చినంకనే తారీకులు. అన్నా అని రాసినవు గదనే మల్ల?"

"అప్పుడు తెల్వదు గద మామా," అన్న. మామ నవ్వి చాయ్ చెప్పిండు అందరికి.

నా బ్యాగుల ఇయర్‌ఫోన్లున్నయ్, వైరువి. పాట బయటికొచ్చి రెండు నెలలైంది. కుడి చెవిది ఆయనకిచ్చిన, ఎడమది నేను పెట్టుకున్న. వైరు చిన్నది, దగ్గరికి జరగక తప్పలె. ఆమె గొంతు వచ్చింది, మంచు కరిగినట్టు. ఇంగ్లీషు మాటలు నాకు సగం అర్థం కావు, ఆయనకు నాలుగుసార్లు చదివినా అర్థం కానట్టే ఉంది. కండ్లు మూసుకొని విన్నడు, పాట మొత్తం. అయిపోయినంక అడిగిండు.

"ఇందుల నా ప్రెస్సు ఎక్కడ?"

"ఎక్కడ లేదు," అన్న. "అదే మీరు చేసింది."

నేను ఆయన కుడి చెవి దగ్గరికి వంగిన, ఐదు నెలల నుండి దాచుకున్నది చెప్పేటందుకు.

"ఆమె పోయేటప్పుడు అడిగింది, ఆ చప్పుడు ఎట్ల ఆగిందని. నాకొచ్చిన ఇంగ్లీషుల చెప్పిన, గోడవతల ఒకాయన ఆపిండు అని. పేరడిగింది, నాకు తెల్వదన్న. ఆమె చెప్పులు విడిచింది. గోడ దిక్కు తిరిగి, రెండు చేతులు పక్కకు పెట్టుకొని, నడుము దాక వంగి దండం పెట్టింది. మస్తుసేపు లేవలె. బయట కారు హారన్ కొడుతున్నా లేవలె. మీరు ఆ గోడవతలనే ఉన్నరు, బోల్టు బిగించుకుంట."

ఆయన నా దిక్కు చూసిండు. కండ్లు నిండినయ్. ఎడమ చేతితోని తుడుచుకొని, సాంబయ్య దిక్కు, పవన్‌కుమార్ దిక్కు, మా మామ దిక్కు చూసి, మల్ల నా దిక్కు తిరిగి, దీనంగ అన్నడు.

"జర ఆగుర్రి. గిన్ని కోతలు కోస్తే ఎవరన్న నమ్ముతరా?"